చెవిలో హోరు, చెవి దిబ్బడ: నూనె చుక్క వేసే ముందు

(రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. ఇవాళ ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామందికి చెవి ఇబ్బంది ఉండే ఉంటుంది, అందుకే అడుగుతున్నాను. ముందు కుర్చీలు కొన్ని ఖాళీగా ఉన్నాయి, రండి, పరవాలేదు.

ఇవాళ రెండు బాధల గురించి మాట్లాడుకుందాం. ఒకటి చెవిలో హోరు. బయట ఏ చప్పుడూ లేకపోయినా లోపల గింగురుమంటుంది. కొందరికి కీచురాయి అరిచినట్టు, కొందరికి ఈల వేసినట్టు, కొందరికి గాలి వీచినట్టు. రెండోది దిబ్బడ. చెవి మూసుకుపోయినట్టు, లోపలినుంచి ఎవరో నొక్కుతున్నట్టు, తన గొంతు తనకే గుహలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఈ రెండూ తరచుగా కలిసే వస్తాయి. కానీ రెండూ ఒకటి కాదు.

"హోరుకి ఆయుర్వేదంలో మందు ఉందా?" అని అందరూ అడిగే ప్రశ్న. ఏ హోరుకి? ఇది నేను వేసే ఎదురు ప్రశ్న. గులిమి అడ్డుపడి వచ్చిన హోరా? జలుబు చేసి వచ్చిందా? పెద్ద చప్పుళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేస్తే వచ్చిందా? దవడ కీలు నుంచి వచ్చిందా? వాడుతున్న మాత్రల వల్ల వచ్చిందా? మూలం తెలియకుండా చెవిలో నూనె పోయడం వైద్యం కాదండీ. ఇవాళ నేను ఏం చెప్పినా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: మూలం ముందు, నూనె తరవాత.

ఇది నేను కొత్తగా చెబుతున్న మాటేం కాదు. మన గ్రంథాల్లోనే ఉంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో 20వ అధ్యాయం చెవి రోగాల లక్షణాలకి, 21వ అధ్యాయం వాటి చికిత్సకి. మొత్తం 28 కర్ణరోగాలు లెక్కపెట్టారు. అందులో కర్ణనాదం వేరు, కర్ణక్ష్వేడం వేరు. ఆ తేడాని తరవాత వచ్చిన రోగలక్షణాల గ్రంథం మాధవనిదానం విడమరిచింది. కర్ణనాదంలో భేరి, మృదంగం, శంఖం లాంటి ధ్వనులు వినిపిస్తాయి. క్ష్వేడంలో పిల్లనగ్రోవి లాంటి సన్నని ధ్వని. కర్ణనాదానికి కారణం వాతం ఒక్కటే అన్నారు. క్ష్వేడంలో వాతంతో బాటు పిత్తంలాంటి మిగతా దోషాలూ కలుస్తాయన్నారు. హోరు ఎలా ఉందో రోగిని అడిగి తెలుసుకోవాలని అంత వెనకే గుర్తించారు చూడండి. నిర్లక్ష్యం చేస్తే చెవుడు వస్తుందని కూడా సుశ్రుతుడు హెచ్చరించాడు.

ఇక వాగ్భటుడు రాసిన అష్టాంగ హృదయం, ఉత్తరస్థానం, 17వ అధ్యాయం. చెవిలో వాతం ఎందుకు చెడుతుందో మొదటి శ్లోకంలోనే చెప్పారు. జలుబు, నీళ్లలో ఆటలు, చెవి గోకుకోవడం, శబ్దాన్ని సరిగా వాడకపోవడం. మళ్లీ చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. జలుబు, నీళ్లు, గోకుడు, శబ్దం. ఇవాళ ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగే మొదటి నాలుగు ప్రశ్నలు ఇవి కావూ? ముక్కు దిబ్బడ ఉందా, చెవిలోకి నీళ్లు పోయాయా, పుల్ల పెట్టారా, పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేస్తారా?

లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. చెవి రంధ్రం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని చివర కర్ణభేరి. దాని వెనక మధ్యచెవి, గాలితో నిండిన చిన్న గది. ఆ గదికీ ముక్కు వెనక భాగానికీ మధ్య ఒక గొట్టం ఉంది, యూస్టేషియన్ ట్యూబ్. మామూలుగా మూసుకుని ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు ఒక్క క్షణం తెరుచుకుని గాలి సర్దుబాటు చేస్తుంది. జలుబు వల్లో ఎలర్జీ వల్లో దాని మూతి వాచిందనుకోండి, గాలి సర్దుబాటు ఆగిపోతుంది, కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది. అదే దిబ్బడ. అంటే దిబ్బడ చెవిలో ఉంటుంది కానీ దాని తాళంచెవి చాలాసార్లు ముక్కులో ఉంటుంది.

హోరు సంగతి వేరు. మధ్యచెవి దాటాక లోపలి చెవిలో కోక్లియా ఉంది, అందులో సన్నని రోమకణాలు. పెద్ద చప్పుళ్ల వల్ల, వయసు వల్ల, కొన్ని మందుల వల్ల అవి దెబ్బతింటాయి. మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. అక్కడినుంచి రావలసిన సంకేతం తగ్గేసరికి మెదడు తన వైపునుంచి వినికిడి సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. రేడియోలో స్టేషన్ సరిగా అందకపోతే వాల్యూమ్ పెంచుతాం, అప్పుడు బుస్సుమనే చప్పుడు కూడా పెరుగుతుంది చూశారా, అలా. అందుకే చాలామందిలో హోరు, వినికిడి తగ్గడం జంటగా ఉంటాయి. "నాకు బాగానే వినిపిస్తుందండీ" అంటారు. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీస్తే సన్నని కీచు ధ్వనుల దగ్గర గీత కిందికి దిగి ఉంటుంది. కాబట్టి హోరు నెలల తరబడి ఉన్నవాళ్లు ఎవరైనా సరే, ఆడియోగ్రామ్ తీయించుకోవాలి. ఆయుర్వేదమే వాడతాం అనుకున్నా సరే, తీయించుకోవాలి.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

ఇది కొంచెం గట్టిగా చెబుతాను. ఒక చెవిలో వినికిడి హఠాత్తుగా, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో పడిపోతే అది అత్యవసరం. గులిమి అనుకుని, జలుబు అనుకుని వారం ఆగుతారు. స్టెరాయిడ్ చికిత్స ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, రెండు వారాలు దాటాక ప్రయోజనం బాగా తగ్గిపోతుంది. ఆ వారం నూనె చుక్కలతో గడిపేస్తే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

హోరు నాడితో బాటు కొట్టుకుంటోందా? మణికట్టు మీద నాడి పట్టుకుని చూడండి. రెండూ ఒకే లయలో ఉంటే రక్తనాళాల పరీక్ష కావాలి. ఒక్క చెవిలోనే నెలల తరబడి హోరు ఉన్నా, తల గిర్రున తిరుగుతున్నా, చెవినుంచి చీము గానీ రక్తం గానీ వస్తున్నా, ముఖం ఒక పక్క వంగినా ముందు ఈఎన్‌టీ దగ్గరికే. హోరు, దిబ్బడ, తల తిరగడం, వినికిడి తగ్గడం ఇవన్నీ కలిసి విడతలు విడతలుగా వస్తుంటే మెనియర్ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు, దానికి చికిత్స మార్గం వేరు.

ఇంకొకటి, మీరు వాడే మాత్రల చీటీ ఒకసారి చూపించండి. పెద్ద మోతాదులో ఆస్పిరిన్, జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లు, ఫ్యూరోసెమైడ్, క్వినైన్, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్, ఇవి హోరు తెప్పించగలవు. మీ అంతట మీరు ఆపేయకండి. రాసిన డాక్టరుకి చెప్పండి.

కర్ణపూరణం

సరే, ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న నూనె దగ్గరికి వద్దాం.

చెవిలో గోరువెచ్చని నూనె నింపి ఉంచడమే కర్ణపూరణం. ఎవరికి చెయ్యచ్చు? కర్ణభేరి చిల్లు లేకుండా, చెవి పొడిగా, వాపు లేకుండా ఉన్న పెద్దవాళ్లకి. చిల్లు లేదని ఎలా తెలుస్తుంది? చూస్తేనే తెలుస్తుంది, ఊహిస్తే తెలియదు. దీపం ఉన్న పరికరంతో వైద్యుడు లోపల చూడాలి, ఒక్క నిమిషం పని. చెవికి ఆపరేషన్ అయినవాళ్లకి, గొట్టం అమర్చినవాళ్లకి, చీము కారే చెవికి, చిన్నపిల్లలకి ఇంట్లో వద్దు. వద్దు అంటే వద్దే. చిల్లు ఉన్న చెవిలో నూనె వేస్తే అది మధ్యచెవిలోకి దిగి, ఇన్‌ఫెక్షన్‌ని లోపలికి మోసుకెళ్తుంది.

ఏ నూనె? మామూలు నువ్వుల నూనె చాలు. వాతం ఎక్కువగా ఉందని వైద్యుడు అనుకుంటే క్షీరబలా తైలం ఇస్తారు. బల అనే మూలిక, పాలు, నువ్వుల నూనెతో కాచేది. బిల్వ తైలం చెవుడుకి చెప్పారు, మారేడును గోమూత్రంతో నూరి, పాలు చేర్చి కాచేది. ఉత్తరేణి క్షారంతో చేసే తైలం కూడా హోరుకి చెప్పారు. కానీ క్షారం అంటే ఘాటు. గోకి గోకి పుండైన చర్మం మీద పడితే మండిపోతుంది. దాన్ని మీరే తెచ్చుకుని వేసుకోకండి.

ఇప్పుడు వేడి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. చిన్న స్టీలు గిన్నెలో ఒక చెంచా నూనె తీసుకోండి. ఆ గిన్నెని వేడినీళ్లున్న ఇంకో గిన్నెలో పెట్టండి, పొయ్యి మీద మాత్రం పెట్టకండి. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకోండి. వెచ్చగానూ అనిపించకూడదు, చల్లగానూ అనిపించకూడదు. అసలు చుక్క పడిందా లేదా అన్నట్టుండాలి. అంటే ఒంటి వేడికి, 37 డిగ్రీలకి, దగ్గరగా ఉందన్నమాట. ఎందుకంత పట్టింపు? తల తిరుగుడు రోగులకి డాక్టర్లు చేసే ఒక పరీక్ష ఉంది. చెవిలోకి 30 డిగ్రీల నీళ్లు ఒకసారి, 44 డిగ్రీల నీళ్లు ఒకసారి పంపిస్తారు. ఒంటి వేడికి అటు ఏడు, ఇటు ఏడు డిగ్రీలే తేడా. ఆ మాత్రానికే కళ్లు అదిరి, తల గిర్రున తిరుగుతుంది. లోపలి చెవిలో సమతూకం చూసే గొట్టాలు అంత దగ్గరగా ఉన్నాయి. సీసాలోంచి చల్లగా తీసి వేసినా, పొయ్యి మీంచి దించి వేసినా జరిగేది అదే.

పక్కకి తిరిగి పడుకోండి. పెద్దవాళ్లకి చెవిని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు లోపలి దారి నిటారుగా అవుతుంది. చుక్కల్ని నేరుగా నడిమధ్యలో వదలకండి, గోడ వెంట జారనివ్వండి. ఎందుకంటే లోపలి గాలి బయటికి రావాలి. ఐదు నుంచి పది చుక్కలు చాలు, చెవి నిండిపోవాల్సిన పని లేదు. తరవాత చెవి రంధ్రానికి ముందున్న చిన్న మిట్ట ఉంది కదా, వేలు పెట్టి చూసుకోండి, ఆ, అదే, దాన్ని నాలుగైదుసార్లు మెల్లిగా నొక్కండి. బుడగ పైకి వచ్చేస్తుంది. బుడగ మిగిలిపోతే చెవి గడగడమంటూ ఇంకా దిబ్బడగా ఉంటుంది, చాలామంది దానికే కంగారుపడతారు.

ఎంతసేపు? నొప్పి మెత్తబడేదాకా అని, నొప్పి లేకపోతే 100 మాత్రల కాలం అని వాగ్భటుడు చెప్పాడు, చెవి మొదలు మర్దన చేస్తూ. ఇక్కడ మాత్ర అంటే బిళ్ల కాదు, ఒక రెప్పపాటు కాలం. వాడుకలో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచుతాం. ఆ మర్దనని మర్చిపోకండి. సగం హాయి అందులోనే ఉంది. శార్ఙ్గధర సంహిత రాసిన శార్ఙ్గధరుడు ఇంకో మాట చెప్పాడు, నూనెలైతే పొద్దు గుంకాక వెయ్యాలి, ఆకు రసాలైతే భోజనానికి ముందు. అయితే ఆకు రసాలు ఇంట్లో వద్దు. వడకట్టని రసంలో బూజు, మట్టి ఉంటాయి.

అయ్యాక తల వంచి నూనె బయటికి రానిచ్చి, బయటి చెవి మాత్రం తుడవండి. పుల్ల లోపలికి పెట్టకండి. దూది రాత్రంతా కుక్కి ఉంచకండి, తేమ నిలిచి బూజు పడుతుంది. వారం రోజులు చేసి చూడండి. తేడా లేకపోతే ఆపండి. నెలల తరబడి చేసేది కాదు.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. చిల్లు లేని కర్ణభేరిని దాటి నూనె లోపలికి వెళ్లదు. కోక్లియాని తాకదు. మరి ఎందుకు పనిచేస్తుంది? ఎండిన గులిమి మెత్తబడుతుంది. పొడిబారి దురదపెట్టే చర్మం ఊరట పడుతుంది. వెచ్చదనానికి, మర్దనకి కండరాలు సడలుతాయి. గులిమి వల్ల, పొడిదనం వల్ల, బిగుతు వల్ల వచ్చిన హోరు తగ్గచ్చు. రోమకణాలు దెబ్బతిని వచ్చిన హోరు నూనెతో పోదు. పోతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

రెండో మూడో రోజు చెవి ఇంకా మూసుకుపోయిందా? భయపడకండి, గులిమి నూనె పీల్చి ఉబ్బింది. ఇంకా నూనె పోయకండి. వెళ్లి తీయించుకోండి.

వెల్లుల్లి నూరి చెవిలో పెట్టడం మానండి, చర్మం కాలుతుంది. చెవిలో మైనపు గొట్టం పెట్టి వెలిగించేది ఒకటుంది, గులిమిని పీలుస్తుందని చెప్పి అమ్ముతారు. అది ఏమీ పీల్చదు. పరీక్షించి చూశారు, కాలిన గొట్టంలో కనబడేది మైనమే. కరిగిన మైనం కర్ణభేరి మీద పడ్డ సందర్భాలున్నాయి.

దిబ్బడకి ముక్కు వైద్యం

జలుబు, ఎలర్జీ వల్ల వచ్చిన దిబ్బడకి చెవిలో ఏం పోసినా ఉపయోగం లేదు. ముక్కుకి వైద్యం చెయ్యాలి. ఆయుర్వేదం తల రోగాలన్నిటికీ ముక్కునే ద్వారంగా పెట్టుకుంది. చరక సంహిత సూత్రస్థానం ఐదో అధ్యాయంలో అణుతైలం, అంటే ముక్కులో వేసుకునే మూలికల నూనె గురించి, దాన్ని వాడేవాళ్ల కళ్లు, ముక్కు, చెవులు చెడిపోవని చెప్పారు.

మొదట ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. అరలీటరు నీళ్లకి నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే సుమారు ముప్పావు టీస్పూను. ఉప్పు తగ్గితే మండుతుంది, పెరిగినా మండుతుంది. నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాలి. పచ్చి నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకి ఎక్కితే ప్రాణం పోతుంది, అరుదే, కానీ పోతుంది. కడిగాక ముందుకి వంగి నీళ్లన్నీ కారనివ్వండి. బలంగా చీదితే నీళ్లు చెవి గొట్టంలోకే వెళ్తాయి. చెవి పూర్తిగా బిగుసుకుపోయిన రోజున, నొప్పి ఉన్న రోజున కడగడం మానండి.

తరవాత, కాసేపాగి, నస్యం, అంటే ముక్కులో మందు చుక్కలు వెయ్యడం. ముఖానికి, బుగ్గలకి కాస్త నూనె రాసి వెచ్చని బట్టతో కాపడం పెట్టండి. వెల్లకిలా పడుకుని తల కొంచెం వెనక్కి వాల్చి ఒక్కో ముక్కులో రెండు చుక్కలు గోరువెచ్చని అణుతైలం. గొంతులోకి దిగినది మింగకండి, ఉమ్మేయండి. రోజూ చేసుకునే ప్రతిమర్శ నస్యానికి రెండు చుక్కలే. ఆరు, ఎనిమిది, పది చుక్కలు వేసే మర్శ నస్యం వైద్యుడి దగ్గర చేయించుకునేది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోవద్దు. ముక్కులో వేసిన నూనె కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి చేరితే అక్కడ నిమోనియాలాంటి వాపు వస్తుంది. అందుకే వేసుకున్న వెంటనే నిద్రపోకూడదు. జ్వరం ఉన్నప్పుడు, తిన్న వెంటనే, గర్భిణులు మానాలి.

చెవి తెరుచుకోవడానికి ముక్కు మూసుకుని గుటక వెయ్యండి, మెల్లిగా. ముక్కు మూసి గాలి ఊదే పద్ధతి కూడా ఉంది, కానీ బలంగా ఊదితే కర్ణభేరికి, లోపలి చెవికి దెబ్బ. జలుబు బాగా ఉన్నప్పుడు అసలు వద్దు. దిబ్బడ మూడు వారాలు దాటితే మధ్యచెవిలో నీరు చేరిందేమో చూపించుకోండి.

దవడ, మెడ

ఇప్పుడు అందరూ ఒక పని చెయ్యండి. పళ్లు గట్టిగా బిగించండి. వదలండి. తల కుడికి తిప్పండి, ఎడమకి తిప్పండి. హోరు పెరిగిందా, తగ్గిందా, ధ్వని మారిందా? మారినవాళ్లు గుర్తుపెట్టుకోండి, మీ హోరులో దవడ కీలు, మెడ కండరాల పాత్ర ఉంది. నా ఉద్దేశంలో ఆయుర్వేదం అందరికంటే ఎక్కువ మేలు చేయగలిగేది మీకే. అభ్యంగం అంటే నూనె మర్దన, స్వేదనం అంటే కాపడం, ఇలాంటి బిగుతు కోసమే ఉన్నాయి.

ఒక చెంచా వెచ్చని నూనె. చెవి ముందు, నోరు తెరిస్తే కదిలే కీలు మీద రెండు వేళ్లతో గుండ్రంగా ఒక నిమిషం. అక్కడినుంచి దవడ మూల దాకా, పళ్లు బిగిస్తే ఉబ్బే కండరం మీద కిందికి. తరవాత చెవి వెనక ఎముక కింద, మెడ పక్కగా. మెడ ముందువైపు నాడి కొట్టుకునే చోట నొక్కకండి. ఐదు నిమిషాలు, ఆ తరవాత వేడినీళ్లలో పిండిన బట్టతో ఐదు నిమిషాలు కాపడం. రాత్రి పళ్లు కొరికే అలవాటుంటే పళ్ల డాక్టరుని కలవాలి, అది ఆగకుండా మర్దన నిలవదు.

రాత్రి

హోరు పగటికంటే రాత్రి ఎక్కువ ఎందుకనిపిస్తుంది? నిశ్శబ్దం. వాతరోగికి జాగరణ పడదని మనవాళ్లు అన్నారు, నిద్ర చెడితే హోరు పెరగడం, హోరు పెరిగి నిద్ర చెడడం, ఇదొక చక్రం. ఈ చక్రాన్ని తెంచడమే అసలు చికిత్స. గదిలో చిన్న ధ్వని ఉంచండి, ఫ్యాను గాలి చాలు. హోరుని పూర్తిగా కప్పేయకూడదు, దానికంటే కాస్త తక్కువగా ఉండాలి. అప్పుడు మెదడు హోరుని పట్టించుకోవడం నెమ్మదిగా మానేస్తుంది. పడుకునే ముందు పాదాలకి, తలకి నూనె మర్దన. తుమ్మెదలా ఝుంకారం చేసే భ్రామరి ప్రాణాయామం చెయ్యచ్చు, ఐదారుసార్లు, కానీ చెవులు వేళ్లతో మూయకుండా. మూస్తే లోపలి హోరే పెద్దదవుతుంది. దిబ్బడ ఉన్నవాళ్లు కపాలభాతి, ఊపిరి బిగబట్టడం మానండి.

వినికిడి తగ్గినవాళ్లు హియరింగ్ ఎయిడ్‌కి సిగ్గుపడకండి. బయటి శబ్దం బాగా అందితే చాలామందికి హోరు వెనక్కి తగ్గుతుంది. హోరు వల్ల దిగులు, భయం పట్టుకుంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది, ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స. హోరు బాధని తగ్గించడంలో మంచి ఆధారాలున్న పద్ధతి అదే. నూనె మర్దనకీ దానికీ పోటీ ఏమీ లేదు, రెండూ చేసుకోవచ్చు.

కడుపులోకి తీసుకునేవి

చెవి రోగాలన్నిటికీ సామాన్యంగా సుశ్రుతుడు చెప్పినవి వినండి. నెయ్యి, రసాయనం అంటే ఒంటికి బలమిచ్చే మందు, ఒంటికి శ్రమ తగ్గించడం, తలస్నానం మానడం, బ్రహ్మచర్యం, ఎక్కువ మాట్లాడకపోవడం. ఒక్క ఘాటు మందు లేదు ఇందులో. అంతా విశ్రాంతి, పోషణ.

అశ్వగంధ చూర్ణం రోజుకి మూడు నుంచి ఆరు గ్రాములు వాడుకలో ఉంది, నిద్రకి, ఆందోళనకి. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అడగకుండా తీసుకోకూడదు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. సారివాది వటి, ఇందు వటి అని చెవి హోరుకి రాసే మాత్రలున్నాయి. వాటిలో భస్మాలు, అంటే లోహాల్నీ ఖనిజాల్నీ కాల్చి చేసిన పొడులు, ఉంటాయి, సారివాదిలో అభ్రకం, లోహం, ఇందు వటిలో బంగారం కూడా. భస్మం సరిగా తయారుకాకపోతే విషం. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు దూరంగా ఉండండి. మిగతావాళ్లు కూడా వైద్యుడు రాసినన్ని రోజులే, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న డబ్బానే. ఊరూ పేరూ లేని పొట్లం ఎవరిచ్చినా వద్దు.

ఏది మొదలుపెట్టినా ఒక్కటే మొదలుపెట్టండి. నూనె, నస్యం, మాత్ర అన్నీ ఒకేరోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది వికటించిందో ఎవరు చెప్పగలరు? ఒక పుస్తకంలో రోజూ రాత్రి రెండే అంకెలు వేసుకోండి. హోరు పదికి ఎంత, అది నన్ను ఎంత బాధపెట్టింది పదికి ఎంత. మొదటి అంకె ఆరు దగ్గరే ఉండి, రెండోది ఎనిమిది నుంచి మూడుకి దిగిందంటే చికిత్స పనిచేస్తున్నట్టే. ఆ పుస్తకం, ఆడియోగ్రామ్, మందుల చీటీ, ఈ మూడూ పట్టుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఇక ప్రశ్నలు అడగండి. మైకు అటు అందించండి, ముందు ఆ చివర కూర్చున్న అమ్మగారికి.